బావగారి రాయి వేరు, మీ ఆయన రాయి వేరు

ప్రశ్న: మాది బేతంచెర్ల దగ్గర ఒక పల్లె. మా ఆయనకు 42 ఏళ్లు. నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. మూడు వారాల కిందట ఎడమ నడుము దగ్గర మొదలైన నొప్పి గజ్జల దాకా పాకింది, వాంతులు కూడా అయ్యాయి. సీటీ స్కాన్ తీస్తే ఎడమ మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం) పైభాగంలో 12 మి.మీ. రాయి ఉందని, కిడ్నీ వాచిందని, రాయి గట్టిదనం 1150 అని రాశారు. కర్నూలులో ఒక డాక్టరుగారు యూఆర్ఎస్ చేసి, అంటే మూత్రం దారిలోంచి స్కోపు అనే కెమెరా గొట్టం పంపి, రాయి తీసి లోపల స్టెంట్ అనే సన్నని పైపు వేస్తామన్నారు. ఇంకో ఆసుపత్రిలో ఆర్ఐఆర్ఎస్ అనే లేజర్ ఆపరేషన్ చేయాలన్నారు, దానికి దాదాపు రెట్టింపు ఖర్చు. అవసరమైతే వీపు వైపు నుంచి రంధ్రం పెట్టి కూడా తీయొచ్చని చెప్పేసరికి మాకు భయమేసింది. మా బావగారికి రెండేళ్ల కిందట మామూలు యూఆర్ఎస్‌తోనే రాయి తీశారు, మర్నాడే ఇంటికొచ్చారు. అంత డబ్బు దండగ అని ఆయన అంటున్నారు. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. ఉలవకట్టు, కొండపిండి ఆకు రసం తాగిస్తున్నాను. ఇంకొన్నాళ్లు ఆగి చూడవచ్చా? ఆపరేషన్ తప్పదంటే ఏది చేయించాలి? మళ్లీ ఎన్నాళ్లకు పనికి పోగలరు?

సమాధానం:

అమ్మా, ఆగే విషయం ముందు చెబుతాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట 'నొప్పి బాగా తగ్గింది' అన్నది.

రాయి అడ్డుపడి మూత్రం వెనక్కి తన్నినప్పుడు కిడ్నీ ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే అంత నొప్పి. కొన్నాళ్లకు కిడ్నీ తనంతట తానే పని తగ్గించుకుంటుంది. మూత్రం తక్కువగా తయారవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, దాంతో నొప్పీ తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు రాయి కరిగిందనో జారిందనో అనుకుంటారు. రాయి మాత్రం అక్కడే ఉంటుంది. దారి పూర్తిగా మూసుకుపోతే రెండు వారాలు దాటినప్పటి నుంచే కిడ్నీకి తిరిగిరాని నష్టం మొదలు కావచ్చు. కొంత దారి మిగిలి ఉంటే ఇంకాస్త వ్యవధి ఉంటుంది. ఏదేమైనా నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఆగకూడదన్నది యూరాలజీలో అందరూ పాటించే లెక్క. మీకు మూడు వారాలు ఇప్పటికే అయిపోయాయి.

దానికి తోడు 12 మి.మీ. రాయి తనంతట తాను పడిపోవడం చాలా అరుదు. 5 మి.మీ. లోపు రాళ్లు చాలావరకు పడిపోతాయి. కింది భాగంలోకి దిగిన 10 మి.మీ. లోపు రాయికైతే మందులిచ్చి కొన్ని వారాలు చూస్తాం. మీవారిది ఆ రెండింట్లో దేనిలోకీ రాదు.

ఉలవకట్టు తాగితే నష్టం లేదు, కానీ దానికి ఈ రాయి కరగదు. మందులతో బాగా కరిగేది ముఖ్యంగా యూరిక్ ఆసిడ్ రాయే. దాని గట్టిదనం స్కాన్‌లో మామూలుగా 500 లోపే కనిపిస్తుంది. 1150 అంటే దాదాపుగా క్యాల్షియం రాయే అనుకోవాలి. ఆకు రసాలతో అది కరగదు. ఇంకో మాట. దారి మూసుకుని ఉన్నప్పుడు రాయిని తోసేద్దామని బిందెడు నీళ్లు తాగించకండి, కొందరు సలహా ఇచ్చే బీరు అసలే వద్దు. వెనక ఒత్తిడి పెరిగి నొప్పి తిరగబెడుతుంది. దాహానికి సరిపడా తాగితే చాలు.

ఇక ఇది చాలా ముఖ్యం. మీ ఆయనకు జ్వరం వచ్చినా, చలి వణుకు పుట్టినా, మూత్రం బాగా తగ్గిపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి. మూసుకుపోయిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ చేరితే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు డాక్టరు రాయి జోలికి పోరు. స్టెంట్ వేసో, వీపు నుంచి సన్నని గొట్టం పెట్టో ముందు చీము మూత్రాన్ని బయటికి వదిలిస్తారు. రాయి సంగతి జ్వరం పూర్తిగా తగ్గాకే. 'రాయి తీయకుండా పైపు వేసి పంపించారేంటి' అని మీకు అనిపించవచ్చు, కానీ ఆ సమయంలో సరైన వైద్యం అదే. స్కోపుతో లోపల చూడాలంటే సెలైన్ వదలాలి, ఆ ఒత్తిడికి లోపలి క్రిములు రక్తంలోకి వెళ్లిపోతాయి.

ఇప్పుడు బావగారి మాటకు వద్దాం. రాయి తనకు ఎక్కడ ఉండేదో ఆయన్ని ఒకసారి అడగండి. పాత రిపోర్టు ఉంటే చూడండి. మూత్రనాళం కింది భాగం అనో, మూత్రాశయం ముఖద్వారం దగ్గర అనో ఉంటుందని నా అంచనా. ఆయన అనుభవం నిజమే, కానీ మీ ఆయన రాయికి అది కొలత కాదు.

మూత్రనాళం పెద్దవాళ్లలో 25 నుంచి 30 సెం.మీ. పొడవుంటుంది. లోపలి దారి 3, 4 మి.మీ. మాత్రమే. కిడ్నీ నుంచి బయటికొచ్చే చోట ఒక ఇరుకు, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలను దాటే చోట ఇంకో ఇరుకు, మూత్రాశయంలోకి దూరే చోట అన్నిటికంటే పెద్ద ఇరుకు. స్కోపు కింది నుంచి పైకి, ఈ ఇరుకులన్నీ దాటుకుంటూ వెళ్లాలి. 1912లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హ్యూ యంగ్ అనే డాక్టరు మొదటిసారి మూత్రనాళంలోకి స్కోపు పోనిచ్చారు. ఆయనకు అది ఎలా సాధ్యమైందంటే, ఆయన చూసిన పసిబిడ్డకు పుట్టుకతోనే మూత్రం కింద అడ్డుపడి మూత్రనాళాలు బాగా ఉబ్బి వెడల్పయ్యాయి. మామూలు మూత్రనాళం అంత దారి ఇవ్వదు. కిడ్నీ దాకా వెళ్లగల పొడవైన స్కోపు స్పెయిన్‌లో పెరెజ్ కాస్ట్రో చేతికి వచ్చేసరికి 1980 అయింది. ఈనాటికీ మా ఇబ్బందంతా ఆ ఇరుకు దారితోనే.

మీకు యూఆర్ఎస్ అని చెప్పింది సెమీ రిజిడ్ స్కోపుతో చేసే పద్ధతి. అది 2, 3 మి.మీ. మందం ఉండే నిటారు లోహపు గొట్టం, చాలా కొద్దిగా మాత్రమే వంగుతుంది. మత్తు ఇచ్చి మూత్రం వచ్చే దారిలోంచే పంపిస్తారు, కోత ఉండదు. రాయి కింది భాగంలో ఉంటే దీనికి మించిన పద్ధతి లేదని నేను గట్టిగా చెబుతాను. దారి దాదాపు తిన్నగా ఉంటుంది, చూపు స్పష్టంగా ఉంటుంది, పని ఒక్కసారిలో అయిపోతుంది. కింది రాయికి ఎవరైనా ఖరీదైన ఫ్లెక్సిబుల్ (వంగే) స్కోపే కావాలంటే, ఎందుకని అడగండి.

పై భాగానికి వెళ్లేకొద్దీ లెక్క మారుతుంది. నడుము కండరం మీదుగా నాళం ఒంపు తిరుగుతుంది. మగవాళ్లలో ప్రోస్టేట్ ఉంటుంది, మూత్రమార్గం పొడవు, కాబట్టి నిటారు గొట్టాన్ని అంత పైకి తీసుకెళ్లడం ఆడవాళ్లలో కంటే కష్టం. ఊపిరి తీసినప్పుడల్లా కిడ్నీతో పాటు రాయీ కదులుతుంది. వీటన్నిటినీ మించిన చిక్కు, రాయి వెనక్కి జారడం.

రాయిని పగలగొట్టడానికి రెండు సాధనాలున్నాయి. మొదటిది గాలి ఒత్తిడితో కొట్టే సన్నని కడ్డీ, న్యూమాటిక్ అంటారు. మీ ఆయనకు చెబితే వెంటనే అర్థమవుతుంది. గనిలో కంప్రెసర్ డ్రిల్లు రాతిని ఎలా కొడుతుందో ఇదీ అలాగే కొడుతుంది. పరికరం చవక, రాయి ఎంత గట్టిదైనా పగులుతుంది, పక్కనున్న నాళం గోడకు వేడి తగలదు. కింది రాళ్లకు నేను దీన్ని మంచి సాధనమనే అంటాను. కానీ ప్రతి దెబ్బకూ రాయి వెనక్కి తోసుకుపోతుంది. రాయి పైన ఉండి, దాని వెనక నాళం, కిడ్నీ ఉబ్బి ఉంటే ఒక్క దెబ్బకు జారి కిడ్నీలోకి వెళ్లిపోవచ్చు. నిటారు గొట్టం అక్కడిదాకా వెంటపడలేదు. అప్పుడు స్టెంట్ వేసి బయటికి రావాలి, మళ్లీ ఇంకో ఆపరేషన్ చేయాలి. రెండోసారికి అయ్యే ఖర్చు, పోయే కూలి కలిపితే మొదట మిగిలింది అనుకున్న డబ్బు మిగలదు.

రెండోది లేజర్. హోల్మియం లేజర్ చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది, ఈమధ్య థూలియం ఫైబర్ లేజర్ కూడా వచ్చింది. వెంట్రుకలా సన్నని ఫైబర్ కొసను రాయికి ఆనించి కొంచెం కొంచెంగా పొడి చేస్తారు. తోపు తక్కువ, ముక్కలు సన్నగా వస్తాయి. లేజర్‌ను సెమీ రిజిడ్ స్కోపులోంచి కూడా వాడవచ్చు. ఇది చాలామందికి తెలియదు. 'లేజర్' అన్న మాటా 'ఆర్ఐఆర్ఎస్' అన్న మాటా ఒకటి కాదు. కాబట్టి ఎవరైనా లేజర్ అని చెప్పగానే అది ఏ స్కోపులోంచి అని కూడా అడగాలి.

ఆర్ఐఆర్ఎస్ అనేది ఫ్లెక్సిబుల్ స్కోపుతో కిడ్నీ లోపలిదాకా వెళ్లి చేసే పని. ఆ స్కోపు మందం కూడా సుమారు 3 మి.మీ.యే, కానీ దాని కొస 270 డిగ్రీల దాకా, అంటే దాదాపు వెనక్కి తిరిగి చూసేంత వంగుతుంది. రాయి కిడ్నీలోకి జారితే జారనీ, వెంటపడి ఏ మూల దాక్కున్నా పొడి చేయవచ్చు. పైభాగం రాళ్లలో దీని బలమంతా ఇదే. ఖర్చెందుకంటే స్కోపు చాలా సున్నితం, కొన్నాళ్లు వాడేసరికి రిపేరుకు వస్తుంది. ఒక్కసారి వాడి పారేసే స్కోపులు కూడా ఉన్నాయి, వాటి ధర రోగి బిల్లులోనే పడుతుంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. స్కోపు మళ్లీ మళ్లీ వెళ్లి రావడానికి నాళంలో ఒక తొడుగు పెడతారు. నాళం ఇరుకుగా ఉంటే అది గోడను గీరవచ్చు. ఎక్కువసేపు సెలైన్ ఒత్తిడి ఉంటే తర్వాత జ్వరం రావచ్చు. కొందరిలో నాళం తొడుగునే రానివ్వదు. అప్పుడు మంచి డాక్టరు బలవంతం చేయరు. స్టెంట్ వేసి ఒకటి రెండు వారాలు ఆగుతారు, ఈలోగా నాళం కాస్త వదులవుతుంది, మళ్లీ పిలుస్తారు. మీ ఆయన విషయంలో అలా జరిగితే డాక్టరును తప్పుపట్టకండి. ఏ స్కోపుతోనైనా మొండిగా తోస్తే నాళానికి రంధ్రం పడొచ్చు, చాలా అరుదుగా నాళమే తెగిపోవచ్చు. అది కుటుంబానికీ డాక్టరుకూ నిద్ర పట్టనివ్వని కష్టం. ఇరుకని తెలిసిన చోట ఆగే చెయ్యి మీకు దొరికితే మీ అదృష్టం.

వీపు వైపు నుంచి తీయడం గురించి భయపడ్డారు కదా. కిడ్నీలోకి సూదితో దారి చేసి, పై నుంచి కిందికి దిగి రాయిని పట్టుకునే పద్ధతి అది. మినీ పద్ధతిలో ఆ దారి సుమారు 5, 6 మి.మీ. వెడల్పు ఉంటుంది. కిడ్నీని గుచ్చుతాం కాబట్టి రక్తస్రావం భయం స్కోపుల కంటే ఎక్కువ, ఆసుపత్రిలో ఉండేది కూడా ఒకటి రెండు రోజులు ఎక్కువే. అయితే 15 మి.మీ. దాటిన రాయి నెలల తరబడి పైభాగంలో ఇరుక్కుపోయి, కింది నుంచి స్కోపు పోయే సందు కూడా లేకపోతే ఇదే మేలు. ఉబ్బిన నాళంలో పై నుంచి దిగడం తేలిక, రాయి జారిపోయే బాధ ఉండదు. మీ ఆయన రాయికి ఇది మొదటి దారి కాదు. కానీ లోపలికి వెళ్లి చూశాక రాయి గోడకు అతుక్కుపోయింది, వీపు నుంచి తీయాలి అని చెబితే బెదిరిపోకండి. పొట్టకు మూడు చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీతో రాయిని మొత్తంగా తీయడం కూడా ఉంది, చాలా పెద్ద రాళ్లకో మిగతావి కుదరనప్పుడో తప్ప ఇప్పుడు అవసరం పడటం లేదు.

మీరు అడగలేదు కానీ, బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే పద్ధతి సంగతి కూడా ఎవరో ఒకరు చెబుతారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. లోపలికి ఏ గొట్టమూ పోదు, ప్రమాదం తక్కువ. 10 మి.మీ. లోపు, మరీ గట్టిగా లేని రాళ్లకు బాగుంటుంది. 1000 దాటిన గట్టిదనం, 12 మి.మీ. సైజు, వాచిన కిడ్నీ ఉన్నప్పుడు ఒక్క సిట్టింగ్‌లో తేలే అవకాశం తక్కువ. ముక్కలు పడేదాకా వారాలు ఎదురుచూడాలి. మీకు ఆ వ్యవధి లేదు.

మా ఇంట్లోవాళ్లకు ఇదే రాయి ఉంటే నేను ఏం కోరుకుంటానో చెబుతాను. సెమీ రిజిడ్ స్కోపుతో మొదలుపెట్టి, న్యూమాటిక్ కాకుండా లేజర్‌తో పొడి చేయాలి. రాయి వెనక్కి జారినా, నిటారు గొట్టం అంత పైకి పోకపోయినా తీసుకోవడానికి ఫ్లెక్సిబుల్ స్కోపు అదే థియేటర్లో సిద్ధంగా ఉండాలి. చాలామందిలో రెండోదాని అవసరమే రాదు. కర్నూలులో మొదటి డాక్టరుగారి దగ్గరికి వెళ్లి వినయంగానే అడగండి: 'రాయి కిడ్నీలోకి జారితే ఏం చేస్తారు సార్?' ఫ్లెక్సిబుల్ ఉంది, అప్పుడే తీస్తాను అంటే అక్కడే చేయించుకోండి. స్టెంట్ వేసి మళ్లీ పిలుస్తాను అంటే, ఆ రెండోసారి ఖర్చు కూడా ముందే తెలుసుకోండి. రెండో ఆసుపత్రిలో అడగాల్సింది వేరు: 'ఫ్లెక్సిబుల్ స్కోపు వాడాల్సి వస్తేనే దాని బిల్లు వేస్తారా, వాడకపోయినా వేస్తారా?' ఈ జవాబులు విన్నాక రెట్టింపు ఖర్చు నిజంగా రెట్టింపో కాదో మీకే తెలుస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే సిబ్బందిని కలవండి. ఏ పద్ధతికి అనుమతి వస్తుందో, బయట ఏమైనా కట్టాలో అడ్మిట్ కాకముందే చెప్పించుకోండి.

ఎక్కడికి వెళ్లినా కాగితం రిపోర్టుతో పాటు సీటీ స్కాన్ సీడీ తీసుకెళ్లండి. ఆపరేషన్‌కు ముందు మూత్రం కల్చర్ పరీక్ష చేయించమని మీరే అడగండి, అందులో క్రిములు కనబడితే తగిన మందు వాడాకే స్కోపు వేయాలి. షుగరు ఉన్నా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ రోజున ఉదయం రాయి ఎక్కడుందో మళ్లీ ఒకసారి చూడమనండి. ఈలోగా అది కిందికి దిగి ఉంటే పని ఇంకా తేలిక.

స్టెంట్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఒకసారి నా దగ్గరికి ఒక తాపీమేస్త్రి వచ్చాడు. నాలుగేళ్ల కిందట వేరే ఊళ్లో రాయి తీయించుకున్నాడు. లోపల పైపు ఉందనిగానీ, తీయించుకోవాలనిగానీ తనకెవరూ చెప్పలేదన్నాడు. ఎక్స్‌రే తీస్తే స్టెంట్ రెండు కొసలకూ రాళ్లు గుత్తుల్లా పేరుకుపోయి ఉన్నాయి. ఒక్క రాయి తీయించుకున్న మనిషికి ఆ పైపు తీయడానికి మూడు ఆపరేషన్లు పట్టాయి. ఆ కిడ్నీ సగానికి పైగా దెబ్బతింది. ఆ ఎక్స్‌రే నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, డిశ్చార్జి రోజున స్టెంట్ వేశారా లేదా, ఏ తేదీన తీస్తారు అని అడిగి ఫోన్‌లో, ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి. సాధారణంగా రెండు మూడు వారాల్లో తీసేస్తారు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మూడు నెలలు దాటనివ్వకూడదు. తీయడం కొన్ని నిమిషాల పని.

స్టెంట్ లోపల ఉన్నన్నాళ్లు మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, మూత్రం పోసేటప్పుడు నడుములో గుంజినట్టు ఉండటం, కొంచెం ఎరుపు కనబడటం మామూలే. మందులతో తగ్గుతాయి. జ్వరం మాత్రం మామూలు కాదు, వెంటనే చూపించాలి. స్టెంట్ తీసిన రెండు మూడు నెలలకు నొప్పి లేకపోయినా ఒక అల్ట్రాసౌండ్ చేయించండి. రాయి ఇరుక్కున్న చోట నాళం మానేటప్పుడు సన్నబడే ప్రమాదం ఉంటుంది, అది పైకి ఏమీ తెలియకుండా కిడ్నీని తినేస్తుంది.

తీసిన రాయి ముక్కలను పరీక్షకు పంపించమని అడగండి. ఎండలో, దుమ్ములో చెమటోడ్చే పని కాబట్టి దారి తెరుచుకున్నాక రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. ఎండాకాలంలో అందుకు నాలుగు లీటర్ల దాకా తాగాల్సి రావచ్చు. పాలు, పెరుగు మానేయకండి. ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు తగ్గించండి.

ఇక పని గురించి. కింది నుంచి స్కోపుతో తీస్తే రెండు మూడు రోజుల్లో లేచి తిరుగుతారు. కానీ స్టెంట్ లోపల ఉండగా బండలు ఎత్తితే, వంగి లేస్తే మూత్రంలో రక్తం పడుతుంది, నొప్పి పెరుగుతుంది. అందుకని స్టెంట్ తీసిన మూడు నాలుగు రోజుల తర్వాతే పాలిషింగ్ పనికి పంపండి. వీపు నుంచి తీయాల్సి వస్తే కనీసం మూడు నాలుగు వారాలు బరువు ఎత్తనివ్వకండి. ఫ్యాక్టరీలో ఆ మాట ముందే చెప్పి, ఈ వారంలోనే కర్నూలు వెళ్లండి.